సొప్ప బెండ్ల ఇల్లు

సెప్టెంబర్ 21, ఆదివారం

చర్చి నుంచి వచ్చి బియ్యం కడుగుతుంటే నరేష్ బావ ఫోన్ చేశాడు. నాకు కాదు, అమ్మకు. అమ్మకు చెవులు సరిగా వినపడవు గనక స్పీకర్ పెట్టుకుంటుంది. అందుకే నాకూ వినపడింది.

"మొన్న సూర్యాపేటల పెండ్లి రిజిస్టర్ చేసుకున్నం అత్తా. ఆమె పేరు పద్మ. మేళ్లచెరువుల ఇంట్లనే మిషన్ కుడుతది. దసరా తెల్లారి వచ్చి పిల్లల్ని తోల్కపోతం. గాడ్నే బడిల ఏస్త."

"మంచిది బిడ్డా," అంది అమ్మ.

అంతే. అక్క పోయి రెండేళ్లు. ఆ రోజు నుంచీ దాని పిల్లలు రూతు, మెర్సీ ఇద్దరూ చిలుకూరులో మా దగ్గరే ఉన్నారు. కోదాడలో నేను చెప్పే బళ్లోనే వేశాను. తల దువ్వేది నేను. జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకుపోయేది నేను. ఈయన సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగ్ డ్యూటీ చేసుకుంటూ, వీలైన ఆదివారం బిస్కెట్ పాకెట్ పట్టుకొచ్చి, గంట కూర్చుని పోయేవాడు. ఇప్పుడు తోల్కపోతాడట. మేకల్ని తోలుకుపోయినట్టు.

చివర్లో అన్నాడు: "పిల్లలు ఆమెను చిన్నమ్మ అంటరులే. మెల్లగ అలవాటైతది."

చిన్నమ్మను నేను.

ఆయన పెళ్లి చేసుకోవడం గురించి నాకేమీ లేదు. చేసుకోనీ.

సెప్టెంబర్ 22, సోమవారం

పిల్లలకు అమ్మే చెప్పింది. ఐదేళ్ల మెర్సీ, "ఆడ టీవీ ఉంటదా?" అని అడిగింది. రూతు ఏమీ అడగలేదు. పదేళ్లకే దానికి అక్క పోలిక వచ్చేసింది. ఏదైనా వింటే ముందు లోపల దాచుకుంటుంది.

సెలవులకు దాని టీచర్ పని ఇచ్చింది. ఊళ్లో, చేన్లలో దొరికే వాటితోనే బొమ్మలు చేసి తేవాలి, ఏదీ కొనకూడదు. ఇంగ్లీషు పుస్తకంలో చూసి ఇచ్చినట్టుంది. ఇచ్చిన కాగితం పైన ఎర్రగా పండిన ఆకుల బొమ్మలున్నాయి. అటువంటి చెట్టు ఇక్కడ లేదు. పైగా ఈ పిల్ల ఆ బడికి మళ్లీ పోదు. అయినా చేద్దామన్నాను. ఊరికే కూర్చుంటే పిల్లలు లేనిపోనివి ఆలోచిస్తారు.

పొద్దున్నే ముగ్గురం కాలువ గట్టు మీదికి పోయాం. వానలకు గట్టంతా గునుగు పూసి తెల్లగా ఉంది. రూతు ఒడినిండా కోసింది. మెర్సీ రాళ్లు ఏరింది. ఒక్కో రాయికి ఒక్కో పేరు పెట్టింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

తాటిపళ్లు రాలే కాలం. గట్టు కింద ఎవరో తిని పారేసిన టెంకలు దొరికాయి. పీచు ఎండి, ముసలివాళ్ల తలల్లా ఉన్నాయి. కడిగి ఎండబెట్టి, పీచును దువ్వెనతో దువ్వాం. నా దువ్వెన విరిగింది. సీతాఫలం గింజలు కళ్లకు పెట్టాం. ఒక టెంకకు పీచంతా కిందికి దువ్వేసరికి గడ్డమైంది. మెర్సీ దాన్ని చూసి "పాస్టరు తాత" అంది. అమ్మ నవ్వి నవ్వి దగ్గుతూ కూర్చుంది.

ఇన్ని రోజుల తర్వాత ఇంట్లో నవ్వు వినపడింది. వీళ్లు ఇక్కడ ఇంత సంతోషంగా ఉంటే ఎక్కడికో పోవడమెందుకు? పిల్లలే మేం పోమంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఏడ్చి నన్ను పట్టుకుంటే బావ మాత్రం ఏం చేస్తాడు. ఇంకా పది రోజులుంది.

సెప్టెంబర్ 24, బుధవారం

రోజంతా వాన. మెర్సీకి దగ్గు. ఏమీ చేయలేదు.

సెప్టెంబర్ 25, గురువారం

పక్కింటి శాంతాబాయి కొట్టంలో జొన్న సొప్ప ఉంది. అడిగితే, "గేదెల నోటికాడిది గుంజుకుంటున్నవా," అంటూనే ఒక కట్ట ఇచ్చింది.

చిన్నప్పుడు నేనూ అక్కా ఈ సొప్పతోనే బండ్లు చేసేవాళ్లం. పైనున్న గట్టి బద్దను పళ్లతో చీల్చాలి. లోపల తెల్లటి బెండు వస్తుంది, దూది అంత తేలిక. బద్దను సన్నగా చీల్చి, దాన్నే మేకులా బెండులోకి గుచ్చితే రెండు ముక్కలు అతుక్కుంటాయి. రూతుకు ఒకసారి చూపించాను. రెండోసారి చూపించనవసరం లేకపోయింది. దాని వేళ్లు అక్క వేళ్లే.

"బండి జేద్దామా?" అన్నాను.

"వద్దు చిన్నమ్మా. ఇల్లు జేస్త."

సాయంత్రానికి గోడలు లేచాయి. కిటికీలు పెట్టింది. తాటాకు చీల్చి కప్పు వేసింది. ముందు చిన్న అరుగు కూడా. బద్దలు గుచ్చుకుని వేళ్లు ఎర్రబడినా లేవలేదు. మెర్సీ తన రాళ్లన్నీ తెచ్చి చుట్టూ ప్రహరీ పెట్టింది.

అమ్మ ఫొటో తీసి బావకు పంపమంది. పంపాను. చూడనీ, పిల్లలు ఇక్కడ ఎలా ఉన్నారో.

సెప్టెంబర్ 26, శుక్రవారం

బావ వచ్చాడు. పిల్లలకు దసరా బట్టలు తెచ్చాడు. ఆమె కుట్టిందట. రెండు ఫ్రాకులు, ఒకటి నీలం, ఒకటి పసుపు. తొడిగితే అతికినట్టు సరిపోయాయి.

"కొలతలు ఎట్ల తెలిసినయ్?" అని అడిగాను.

"పోయినసారి వచ్చినప్పుడు పాత ఫ్రాకులు రెండు తీస్కపోయిన."

వెతికి వెతికి ఎలుకలు లాక్కుపోయాయనుకున్న ఫ్రాకులవి.

బావ ఆ బెండ్ల ఇంటి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "గిదంత నువ్వే జేసినవా బిడ్డా?" అన్నాడు. రూతు తల ఊపింది. తర్వాత తండ్రీ కూతుళ్లు చెవిలో ఏదో మాట్లాడుకున్నారు. నన్ను చూసి ఆపేశారు.

నీలం ఫ్రాకు మెడ దగ్గర కుట్టు కొంచెం వంకర పోయింది. చూసినవాళ్లకు తెలుస్తుంది.

సెప్టెంబర్ 27, శనివారం

ఒక సంగతి ఇక్కడ రాసి పెడతాను. అక్క పోయిన ఏడాదికి అమ్మ బావను అడిగింది, కళ్యాణిని చేసుకోరాదా అని. నాతో చెప్పకుండా అడిగింది. "కళ్యాణి నాకు చెల్లె లెక్క అత్తా," అన్నాడట. మంచి మాట. నేనూ ఎన్నడూ అలా అనుకోలేదు. అమ్మ నన్ను అడిగి ఉంటే నేనే వద్దనేదాన్ని. అంతకు ముందు మిర్యాలగూడ సంబంధం వస్తే, పిల్లలు చిన్నవాళ్లని వద్దన్నదీ నేనే.

నేనెన్నడూ అలా అనుకోలేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అన్నాను.

మధ్యాహ్నం రూతు ఇంట్లో పెట్టడానికి మనుషుల్ని చేసింది. బెండు మొండేలు, సీతాఫలం గింజల కళ్లు. పీచు మీసం పెట్టినవాడు బావ. గునుగు పూల గౌన్లతో చిన్నవి రెండు, తనూ మెర్సీ. నాలుగోది ఆడమనిషి, మెడలో ఎర్ర దారం వేలాడుతోంది. నా బడి ఐడీ కార్డుకు అటువంటి ఎర్ర తాడే ఉంటుంది.

"నా కార్డు గూడ పెట్టినవా," అన్నాను నవ్వుతూ.

రూతు తలెత్తింది. "అది కార్డు కాదు చిన్నమ్మా. కొలత టేపు. ఈమె పద్మమ్మ."

"మరి నేనేడున్న?"

"నువ్వు గీడ అమ్మమ్మ కాడ ఉంటవ్ గద." కొట్టినట్టు కాదు, తిట్టినట్టు కాదు. ఏ ఊరు ఎక్కడుందో చెప్పినట్టు చెప్పి, ఆ బొమ్మను అరుగు మీద కూర్చోబెట్టింది. "ఇల్లు ఆడికి తీస్కపోత. పద్మమ్మకు ఇస్త."

అప్పుడు అన్నాను. "ఆమె ఇంట్ల పెట్టనిస్తది అనుకుంటున్నవా? కొత్త బట్టలు కుట్టే ఇల్లు. గీ సొప్ప, గీ పీచు సూస్తే ఆమెకు చెత్త లెక్కనే ఉంటది. నువ్వు పోయిన నాడే ఊడ్సి చెత్తబండిల ఏస్తది. తన కడుపున పుట్టని పిల్లలు జేసినయి ఎవలు దాసుకుంటరు బిడ్డా?"

రూతు అరుగు మీది బొమ్మను తీసి లోపల పెట్టింది.

ఉన్నమాటే చెప్పాను. రేపు అక్కడికి పోయి బాధపడేకంటే ఇప్పుడే తెలియడం మేలు. పిల్లలకు అబద్ధపు ఆశలు పెట్టకూడదు.

సెప్టెంబర్ 29, సోమవారం

రూతు ఈ రోజు ఏమీ చేయలేదు. కడుపు నొప్పి అంది. వాము వేసి నీళ్లు కాచి ఇచ్చాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. మేం ఆడం గానీ పిల్లలు చూడటానికి పోతారు. సాయంత్రం శాంతాబాయి కోడలి వెంట పంపాను. ఇద్దరూ కొత్త ఫ్రాకులు వేసుకున్నారు. రూతు ఏదో సంచి పట్టుకుంది. అడగలేదు. పూలనుకున్నాను.

వెలుతురుండగానే శాంతాబాయి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కళ్యాణీ, మీ పెద్దపిల్లకు ఏమైంది? అందరు బతుకమ్మలు ఇడుస్తుంటే అది సంచిలకెల్లి బెండ్ల ఇల్లు తీసి నీళ్లల్ల పెట్టింది. మనుషుల బొమ్మలతోని సహా. వద్దు వద్దని నేను ఒర్రుతనే ఉన్న. బెండు గద, మునగలె. పూల నడుమ తేలుకుంట పోయింది. సిన్నది గట్టు మీద పడి ఒకటే ఏడ్సుడు."

కాలువ దాకా పరుగెత్తాను. ఆడవాళ్లు సద్దుల ప్రసాదం పంచుకుంటున్నారు. నీళ్ల మీద తంగేడు, బంతి, గునుగు. ఇంకేమీ లేదు. వానలకు కాలువ నిండుగా, వేగంగా ఉంది. రూతు గట్టు మీద మెర్సీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎందుకు జేసినవ్ గట్ల?" అన్నాను.

"ఆమె చెత్తల పారేస్తది అంటివి గద. గందుకే నేనే ఇడిసిపెట్టిన." ఆగి, మళ్లీ అంది. "చెత్తబండిలకంటే నీళ్లల్లనే మంచిగుంటది."

అప్పుడే చెప్పాల్సింది, నేనన్నది నిజం కాదు, ఆమె ఎలాంటిదో నాకు తెలియనే తెలియదు అని. నోటి దాకా వచ్చింది.

"లే, ఫ్రాకు బురదైతది," అన్నాను.

అక్టోబర్ 1, బుధవారం

నేనన్నది ఒక్క మాట. నీళ్లలో వెయ్యమని నేను చెప్పలేదు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. పిల్లల బట్టలు సర్దాను. బడికి సెలవులైనా అడిగి ఆఫీసు తెరిపించి టీసీలు నిన్ననే తెచ్చి పెట్టాను. మెర్సీ కొత్త టీవీ గురించే మాట్లాడుతోంది. రూతు తన సంచి తనే సర్దుకుంది. పాస్టరు తాత టెంక తీసుకుపోతావా అంటే వద్దంది.

ఇద్దరిలో ఒక్కరూ పోనని ఏడవలేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

వచ్చారు. ఆమెను ఇన్నాళ్లూ నేను ఒకలా ఊహించుకున్నాను, పొడుగ్గా, మెడలో గొలుసులతో. బక్కగా ఉంది. కళ్లద్దాలు. వేళ్లకు సూది గుచ్చిన మచ్చలు. అమ్మకు "వందనాలండీ" అని చెప్పి, నా చేతులు పట్టుకుని, "కళ్యాణి గారూ, మీరు చేసినంత నేను చేయగలనో లేదో," అంది. మాట కోదాడ దాటి ఆంధ్రా వైపు పోతుంది. నేను చేతులు వెనక్కు తీసుకున్నాను. తడిగా ఉన్నాయన్నాను.

ఆమె వెంట ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చింది. లోపల పాత చీర మడతలు పెట్టి పరిచి ఉంది.

"ఇల్లేది తల్లీ?" అని రూతును అడిగింది. "మీ నాన్న ఫొటో చూపించాడు. దారిలో విరిగిపోకుండా ఇందులో పెడదాం. కిటికీ పక్కన అర ఖాళీ చేశాను. బట్టలకొచ్చిన వాళ్లందరికీ కనపడుతుంది."

బావ ఇంట్లో ఆ మూలా ఈ మూలా చూశాడు. రూతు నా వైపు చూసింది. కోపంగా కాదు. నేనేమైనా అంటానేమోనని చూసినట్టుంది. కాసేపు ఎదురుచూసింది కూడా. తర్వాత ఆమె వైపు తిరిగింది.

"నీళ్లల్ల పడింది. కాలువ కాడికి తీస్కపోతే చెయ్యి జారింది."

"కాదు, అక్కనే..." అని మెర్సీ మొదలుపెట్టింది. రూతు దాని నోరు మూసింది.

"పోనీలే తల్లీ," అంది ఆమె. పెట్టె మూత మెల్లగా మూసింది. "మళ్లీ చేసుకుందాం. నాకు రాదు, నువ్వే నేర్పాలి."

అమ్మకు చెవులు వినపడకపోయినా కళ్లు కనపడతాయి. నన్నే చూస్తోంది. చాయ్ పెట్టుకొస్తానని లోపలికి పోయాను. చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది.

ఖాళీ పెట్టెను బావ ఆటోలో వెనక పెట్టాడు. మెర్సీ చెయ్యి ఊపింది.

అక్టోబర్ 5, ఆదివారం

ఇల్లు ఊడ్చాను. సొప్ప బద్దలు ఇంకా వస్తున్నాయి, మంచం కింద, చాప కింద, బియ్యం డబ్బా వెనక. అమ్మ మాట్లాడటం లేదు. ఆ రోజు నా వెనకే గట్టు దాకా వచ్చిన శాంతాబాయి, రూతు అన్న మాట విని అమ్మకు చెప్పినట్టుంది.

అక్టోబర్ 8, బుధవారం

బడి నుంచి వస్తుంటే ఫోన్. ఆమె.

"ఇక్కడ బళ్లో కూడా అట్లాంటి పనే ఇచ్చారండీ, ఆకులతో, పుల్లలతో ఏదైనా చేసి తెమ్మని. ఆయనతో చెప్పి జొన్న దంట్లు తెప్పించాను. రూతు ముట్టుకోవట్లేదు. మెర్సీ అడిగితే అరిచిందట కూడా. మీ దగ్గరైతే పొద్దస్తమానం చేసేదంట కదా. నాకేం పాలుపోవట్లేదు. ఒకసారి రాగలరా?"

చూస్తానన్నాను.

ఆ మాట వింటుంటే నాకు బాగా అనిపించింది. ఇక్కడ నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆమెకు చేతకాలేదు, పిల్ల ఆమెతో చేయలేదు. ఇన్ని రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కునేటప్పుడు గుర్తొచ్చింది, పిల్ల సొప్ప ముట్టుకోనిది ఎందుకో.

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున చర్చికని బయలుదేరి, కోదాడలో మేళ్లచెరువు బస్సెక్కాను. అక్కడ చెట్ల మీద ఆకులు కూడా బూడిద రంగే. లారీలు పోతుంటే దుమ్ము లేచి మళ్లీ వాటి మీదే పడుతుంది. ఈ ఆకులతో ఏం చేస్తుంది పిల్ల, అనుకున్నాను. అది కూడా వాళ్ల తప్పే అన్నట్టు.

ఇంటికి తాళం. అరుగు మీద కూర్చున్నాను. చర్చి నుంచి నలుగురూ వచ్చారు. మెర్సీ పరుగెత్తుకొచ్చి నా కాళ్లు పట్టుకుంది. పద్మ కోడికూర వండింది. బావ నా ఎదురుగా కూర్చుని ఎక్కువ మాట్లాడలేదు. కిటికీ పక్కన అర నిజంగానే ఉంది. అందులో పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ఏమీ లేదు. దారం ఉండలు కూడా పెట్టలేదు.

తిన్నాక రూతును బయటికి పిలిచాను. సొప్ప కట్ట అరుగు మూల అలాగే ఉంది, తాడు కూడా విప్పలేదు.

"బిడ్డా, నేనన్నది అబద్ధం. పద్మ పారేసే మనిషి కాదు. నాకు అప్పటికి ఆమె ఎవలో కూడ తెల్వదు."

"నాకెరికే."

"ఎప్పటిసంది?"

"వచ్చిన నాడే. అర సూసిన గద."

"మరి ఎందుకు జేస్తలేవు?"

"ఏమో. సొప్ప పట్టుకుంటే మెర్సీ ఏడ్సుడు యాదికొస్తది." గోడకు ఆనుకుని కాలి బొటనవేలుతో దుమ్ములో గీతలు గీసింది. "అమ్మకు చెప్పలె నేను. చెప్తె నిన్ను రానియ్యదేమోనని."

అమ్మ అంది. పద్మను. చిన్నమ్మ అనమన్నారు కదా, అనలేదు. ఆ మాట నాకే వదిలేసింది.

తర్వాత అడిగింది. "నువ్వెందుకు గట్లన్నవ్ చిన్నమ్మా?"

పిల్లలను ముందే సిద్ధం చేయాలని, నువ్వు బాధపడకూడదని, అప్పుడు నాకు తలనొప్పిగా ఉందని ఎన్నో చెప్పవచ్చు. ఒక్కొక్కటీ నోట్లో తిప్పి చూశాను. పిల్ల నన్నే చూస్తూ నిలబడింది.

"బస్సు టైమైతున్నది," అన్నాను.

చెప్పులు వేసుకుంటుంటే పద్మ గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగింది. "ఏమైనా చెప్పిందాండీ?"

"లేదు," అన్నాను. "చిన్నపిల్ల. అదే మర్చిపోతది."

"మీరొచ్చారు, అదే చాలు," అంది ఆమె. నమ్మింది.

రూతు నాతో బస్సు స్టేజీ దాకా వచ్చింది. రమ్మని నేను అడగలేదు. దారంతా నా సంచి తనే మోసింది. కోదాడ బస్సు మలుపు తిరగగానే నా సంచి నా చేతికిచ్చింది.

"మళ్ల వచ్చేటప్పుడు ఫోన్ జేసి రా చిన్నమ్మా. ఆదివారం మేము చర్చికి పోతం. వట్టిగనే బయట కూసుంటవ్."

"సరే బిడ్డా. చేసే వస్త."

బస్సు ఎక్కాను. కిటికీలోంచి చూసేసరికి అది అప్పటికే వెనక్కు తిరిగి, లారీల పక్కగా, ఇంటి వైపు నడుస్తోంది.